ఊరి పేజీకి ఊరివాళ్లే కాపలా

2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. పాత వరంగల్‌ను విడదీయగా జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి కొత్త జిల్లాలుగా ఏర్పడ్డాయి. ఆఫీసుల ముందు బోర్డులు వెంటనే మారాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలోని ఊళ్ల పేజీల్లో మాత్రం పాత జిల్లాయే మిగిలింది. వాటిని దిద్దే పనిని జీతంలేని, చాలావరకు ముఖపరిచయం కూడా లేని వాడుకరులు నెత్తికెత్తుకున్నారు. అంత పనిని లాక్కొచ్చింది ఉత్సాహం ఒక్కటే కాదు, పద్ధతి. స్వచ్ఛంద సేవకు క్రమశిక్షణ అక్కర్లేదనుకునేవాళ్లు గమనించాల్సింది ఇదే.

వరంగల్ అన్నచోటల్లా మహబూబాబాద్ అని ఒక్క దెబ్బకు మార్చేస్తే కుదరదు. ఆ జిల్లాలోని గార్ల, బయ్యారం పాత ఖమ్మం నుంచి వచ్చాయి. రామప్ప గుడి ఉన్న పాలంపేట 2016లో వరంగల్ నుంచి భూపాలపల్లికి, 2019 ఫిబ్రవరిలో ములుగుకు మారింది. గుండాల మండలం నల్గొండ నుంచి జనగామకు, అక్కడి నుంచి యాదాద్రి భువనగిరికి వెళ్లింది. పేజీలో మొదటి వాక్యం, పక్కనుండే సమాచారపెట్టె, అడుగున వర్గం, ఈ మూడూ మారాలి. ఒకటి మరిచినా పేజీ తనకు తానే అడ్డం తిరుగుతుంది. 2011 జనాభా లెక్కలు పాత జిల్లాల ప్రకారం తీసినవి కాబట్టి, ఊరు ఇదివరకు ఎక్కడుండేదో కూడా రాయాలి. అందుకే ఆ వివరాన్ని ఎన్నో పేజీల్లో ఒకే తీరు వాక్యంతో రాశారు. పనిని చిన్న ముక్కలుగా పంచుకుని, ప్రభుత్వ ఉత్తర్వును ఆధారంగా పెట్టుకుని, తేడా వస్తే ఆ పేజీకి ఉండే చర్చాపేజీలోనో, రచ్చబండ అనే వికీ చర్చావేదికలోనో తేల్చుకుంటేనే ఇది సాధ్యం.

ఎవరైనా రాయగలిగిన దాన్ని నమ్మేదెలా అన్న సందేహం న్యాయమైనదే. ప్రతి మార్పూ పేజీ చరిత్రలో నమోదవుతుంది, తప్పును ఎవరైనా వెనక్కి తిప్పవచ్చు. అయితే చూసే కళ్లుంటేనే ఆ ఏర్పాటు పనికొస్తుంది. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో కూర్చున్న వాడుకరికి కొడకండ్ల పేజీలోనో కాటారం పేజీలోనో దొర్లిన తప్పు కనబడకపోవచ్చు. సర్కారే ఈ పని చేయాలనేవారూ ఉన్నారు. సర్కారు వెబ్‌సైటులో మండలాల జాబితా దొరుకుతుంది కానీ, అందులో తప్పు కనబడితే మనం దిద్దలేం. స్థానికులు నోటిమాటగా చెప్పేది వికీపీడియాలో చెల్లదు కదా అన్నది మరో అభ్యంతరం. ఆ నియమం ఉండాల్సిందే. లేకపోతే కులం గొప్పలు, పార్టీ గొప్పలు పేజీల్లోకి ఎక్కుతాయి. అంతమాత్రాన స్థానికులకు పని లేదని కాదు. పెంబర్తి ఇత్తడి పనిని, కురవి వీరభద్రుడి గుడిని ఫొటో తీసి వికీమీడియా కామన్స్‌లో పెట్టడానికి పుస్తకం సాక్ష్యం అక్కర్లేదు. పుస్తకం కావాల్సిన చోట లైబ్రరీలో వెతికి ఆధారం చూపే పని స్థానికులదే.

అందుకే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల డిగ్రీ కాలేజీలు తలా ఒక మండలాన్ని దత్తత తీసుకోవాలి. బ్యానర్ కట్టి ఒకరోజు కార్యశాల పెడితే చాలదు. పేజీల జాబితా రాసుకుని విద్యార్థులకు పంచాలి, ఒక అధ్యాపకుడు బాధ్యత తీసుకోవాలి, ఏటా ఒకసారి సరిచూడాలి. పెద్ద ఖర్చు లేని ఈ పనిని వచ్చే విద్యాసంవత్సరమే మొదలుపెట్టవచ్చు.