విప్పే ముందు కొలవండి
హైదరాబాదు నుంచి నాందేడ్ వెళ్లే దారిలో, తెలంగాణ సరిహద్దు దాటగానే వచ్చే దెగ్లూర్‌లో పాత మహీంద్రా జీపు పొగ కక్కిందంటే ముందుకొచ్చే ప్రశ్న ఒకటే: హాఫ్ ఇంజనా (పిస్టన్లు, రింగులు, వాల్వుల పని), ఫుల్ ఇంజనా (క్రాంకు, బేరింగులతో సహా మొత్తం పని)? కొలవకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే తప్పని నా గట్టి నమ్మకం. నల్ల పొగైతే ముందు నాజిళ్లు, పంపు, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. వాటికోసం ఇంజన్ దించనక్కర్లేదు. నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోంది. అప్పుడు కూడా కంప్రెషన్ చూసి, ఇంజన్ బాగా వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ చూసి, ఆ తర్వాతే పానా పట్టాలి. ఎంఎం 540 జీపులోని 2112 సీసీ ప్యూజో డీజిల్ లాంటి ఇంజన్లు మొండివి, మరమ్మతుకు లొంగేవి. ప్రెషర్ నిలబడి కంప్రెషన్ ఒక్కటే పడితే పిస్టన్లు, రింగులు, వాల్వుల పనితో చాలాసార్లు సరిపోతుంది. బాగున్న క్రాంకును గ్రైండింగ్‌కు పంపడం దాని ఆయుష్షులో ఒక వంతు కోసేయడమే, ఎందుకంటే అండర్‌సైజు బేరింగులకూ ఒక హద్దుంది. ప్రెషర్ పడిపోయి, కింద నుంచి దడదడ వినిపిస్తే మాత్రం పిసినారితనం వద్దు, ఫుల్ ఇంజనే చేయించండి. అరిగిన బేరింగుల మీద కొత్త పిస్టన్లు పెట్టడం డబ్బు పారబోయడమే. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషన్ అయిదేళ్ల చొప్పునే పొడిగిస్తారు కాబట్టి ఆ లెక్కా వేసుకోవాలి. ఇక ఈ నల్లరేగడి చేల దుమ్ము! ఆయిల్ బాత్ ఫిల్టర్ గిన్నెలో బురద పేరుకుంటే, వేలు పోసి చేయించిన బోరుకు కూడా తొందరగానే గీతలు పడతాయి.