అటూ ఇటూ నడిచే బిందెలు

టీవీ తెరమీద బొమ్మంతా ఒక్కసారే వచ్చి వాలుతుందనుకుంటాం. నిజానికది వరుస వెంట వరుసగా వస్తుంది. 1080 వరుసల తెరమీద సెకనుకు 60 బొమ్మలంటే, ఒక్కో వరుసకు దక్కేది సుమారు 15 మైక్రోసెకన్లు! ఈ వంతులు పంచేది తెర అంచున ఉండే షిఫ్ట్ రిజిస్టరు. ఇల్లంటుకుంటే బావి దగ్గర్నించి బిందెలు చేతులు మారతాయి చూడండి, అలాగే ప్రతి మెట్టూ తన వరుసను లేపి, సంకేతాన్ని పక్క మెట్టుకు అందిస్తుంది.

మరి తెరను తలకిందులుగా బిగించవలసివస్తే? బిందెలు ఎదురు నడవాలి. అందుకని మరో వరుస మనుషులను నిలబెడితే అంచు లావెక్కుతుంది. సన్నటి అంచు కావాలని పేచీపెట్టేది మనమేనాయె! అందుచేత ప్రతి మెట్టుకూ ఉన్న ఇద్దరు పొరుగువారినే వాడుకుంటారు. ఒకరు లేపుతారు, రెండోవారు పడుకోబెడతారు. రెండు తీగల వోల్టేజీలు తారుమారు చేస్తే ఆ పనులూ తారుమారవుతాయి.

లేవడం సులువే. ఊరుకోవడమే కష్టం. తక్కిన 1079 వంతులూ ఆ మెట్టు కిక్కురుమనకూడదు. దాన్ని నొక్కిపట్టే ట్రాన్సిస్టరు అమార్ఫస్ సిలికాన్‌దైతే, ఎడతెగని వోల్టేజీకి అలిసి పట్టు సడలిస్తుంది. అప్పుడు వేళకాని వేళ వరుస మేలుకుని బొమ్మ చెదురుతుంది. అందుకే ఆ కాపలాకు ఇద్దరిని పెట్టి వంతులవారీగా విశ్రాంతి ఇస్తారు. చోటు కొంత పోతుంది. పోనీండి, అంచు వెంట్రుకవాసి పెరిగితే నేనేమీ అనుకోను.