కోపపు ముఖం మీదే చూపు ఎందుకు పడుతుంది?

తరగతిలో సెమినార్ ఇస్తున్న విద్యార్థిని నలభై మంది చూస్తుంటారు. ఎక్కువ మంది మామూలుగా వింటారు. ఒకరు మాత్రం నుదురు ముడివేస్తారు. సామాజిక ఆందోళన ఉన్నవారికి ఆ ముఖమే ముందు కనిపిస్తుందా?

దీన్ని తేల్చడానికి పరిశోధకులు ఎక్కువగా వాడేది డాట్ ప్రోబ్ పరీక్ష. 1986లో కోలిన్ మెక్లాయిడ్ బృందం దీన్ని పదాలతో చేసింది. తర్వాత ముఖాల ఫొటోలు వచ్చాయి. తెరపై కోపపు ముఖం, మామూలు ముఖం కాసేపు కనిపించి మాయమవుతాయి. వాటిలో ఒకదాని స్థానంలో చుక్క వస్తుంది. వెంటనే మీట నొక్కాలి. కోపపు ముఖం ఉన్నచోట వచ్చిన చుక్కకు త్వరగా స్పందిస్తే, దృష్టి అప్పటికే అక్కడ ఉందన్నమాట.

సోషల్ ఫోబియా ఉన్నవారిపై 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో ముఖాలను 500 మిల్లీసెకన్లు చూపినప్పుడు ఈ మొగ్గు కనిపించింది. 1250 మిల్లీసెకన్లు చూపినప్పుడు కనిపించలేదు. అంటే మొదట చూపు అటు లాగినా, అక్కడే నిలిచిపోతుందని చెప్పలేం. కొన్ని అధ్యయనాల్లో చూపు తప్పించుకోవడమూ కనిపించింది. పైగా 1995లో క్లార్క్, వెల్స్ ప్రతిపాదించిన నమూనా ప్రకారం, ఇలాంటివారి ధ్యాస చాలావరకు తమ మీదే ఉంటుంది. గొంతు వణుకుతోందా, చెమట పడుతోందా అని గమనించుకుంటూ, ఎదుటివారి చిరునవ్వును చూడకుండానే దాటిపోతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ పరీక్షలో తేడాలు మిల్లీసెకన్లలో ఉంటాయి. అదే వ్యక్తిని మళ్లీ పరీక్షిస్తే ఫలితం మారిపోవచ్చని 2005లోనే ష్ముక్లే చూపించారు. సమూహపు సగటు గురించి ఏదో చెప్పగల పరీక్షతో ఒక వ్యక్తికి జబ్బు ఉందో లేదో నిర్ధారించడం సరికాదు. 'మీ ఆందోళనను రెండు నిమిషాల్లో కొలుస్తాం' అనే యాప్‌ను నమ్మే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కంటితో అంచనా వేయడం ఇంకా ప్రమాదం. మన ఇళ్లలో పెద్దల ముందు తల దించుకోవడం మర్యాద. అదే పిల్లవాడు వైవాలో తల దించుకుంటే 'పొగరు' అనో, 'చదవలేదు' అనో ముద్ర వేస్తారు. అది బిడియం కావచ్చు, భయం కావచ్చు, అలవాటూ కావచ్చు. అధ్యాపకుడు చేయగలిగింది చిన్నదే: ముఖం చిట్లించకుండా వినడం, బాగున్న జవాబును బాగుందని నోటితో చెప్పడం.

భయం వల్ల చదువు, ఉద్యోగం ఆగిపోతుంటే అది స్వభావం అని సరిపెట్టుకోకూడదు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీతో చాలామందికి మేలు జరుగుతుంది. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.