ఆపు సైగ ఎవరిచ్చినా ఆపాల్సిందే

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,



సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీ పట్టుకుని నేనే వద్దామనుకున్నాను. మా అబ్బాయిని వెంట తెస్తే ఆ క్యూలో, ఆ జనంలో అరగంట నిలవలేడు. ఇంట్లో వదిలేసి వస్తే నేను చెప్పేది మీకు సగమే అందుతుంది. అందుకని ఈ ఉత్తరం, పదిమందీ చదివేలా రాస్తున్నాను.

నేను ఉక్కు కర్మాగారంలో క్రేన్ ఆపరేటర్ని. మా కేబిన్ పైన ఉంటుంది, సిగ్నల్‌మ్యాన్ కింద ఉంటాడు. ఆ యంత్రాల హోరులో గొంతు చించుకున్నా పక్కవాడికే వినపడదు. ఇప్పుడు వాకీటాకీలు వచ్చాయి గానీ, మా పాతవాళ్ళకి చేతి మీద ఉన్నంత నమ్మకం వాటి మీద లేదు. చూపుడు వేలు పైకెత్తి చిన్న సున్నా చుడితే ఎత్తమని. వేలు నేలకి చూపించి సున్నా చుడితే దించమని. చెయ్యి చాచి, అరచెయ్యి కిందికి పెట్టి అడ్డంగా ఊపితే ఆపమని. కొత్తగా చేరినవాడికి మొదటిరోజే రెండు సంగతులు చెబుతాం. ఏ క్రేన్ దగ్గరికి వెళ్ళినా సైగ ఒకటే, ఎవడికి వాడు సొంత సైగలు కనిపెట్టకూడదు. రెండోది, ఎత్తమనీ దించమనీ సిగ్నల్‌మ్యాన్ ఒక్కడే చెప్పాలి గానీ, ఆపు సైగ మాత్రం ఎవరిచ్చినా ఆపాల్సిందే. ఊడ్చే మనిషి ఇచ్చినా సరే. ఎందుకని అడగడం ఆపిన తర్వాత.

ఇలా ఎనిమిది గంటలు చేతులతో మాట్లాడి ఇంటికి వచ్చే నాకు, మావాడికి ఆటిజం అని తేలిన రోజున ఒక డాక్టరుగారు ఇచ్చిన సలహా ఏమిటంటే, "సైగలు అలవాటు చెయ్యొద్దు. చేస్తే ఇక నోరు విప్పడు." అప్పటికి వాడికి మూడేళ్ళు. ఇంకో ఏణ్ణర్ధం ఆ మాటే పట్టుకుని కూర్చున్నాం. వాడు ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్ళి నా చేతిని సీసా మీద పెడితే, "నీళ్ళు అను, నీళ్ళు అంటేనే ఇస్తా" అనేవాణ్ని. వాడు నేల మీద పడి ఏడ్చేవాడు. మా అమ్మ ఒకరోజు ఇక పట్టలేక, "ఆడికి దాహమేస్తందని నీకు తెలుస్తంది, నాకు తెలుస్తంది. ఆడు ఇంకేటి సెప్పాలిరా?" అంది. ఆమెకి చదువు లేదు. ఆ రోజు ఇంట్లో తెలివిగా మాట్లాడింది ఆమె ఒక్కతే.

తర్వాత తెలిసింది, ఆ డాక్టరుగారి భయం కొత్తది కాదు, దాని మీద పరిశోధన కూడా జరిగింది. మిల్లర్, లైట్, ష్లోసర్ అనే ముగ్గురు 2006లో అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ ముందేసుకుని ఒక సమీక్ష రాశారు. ఎదుగుదల లోపాలున్నవాళ్ళకి సైగలు, బొమ్మలు నేర్పితే మాట ఏమవుతుందన్నది ప్రశ్న. గట్టి ఆధారం ఉన్న 27 మందిలో 89 శాతానికి మాట పెరిగింది. 11 శాతంలో మార్పు లేదు. తగ్గినవాళ్ళు ఒక్కరూ లేరు. పెరిగింది కొండంత కాదు, కొద్దికొద్దిగానే. ఆ కొద్దినే మా ఇంట్లో పండగ చేసుకుంటాం.

అసలు మనమేమైనా సైగలు తెలియని జాతా? బళ్ళో మాస్టారికి చిటికెన వేలు చూపించి బయటికి పరుగెత్తనివాళ్ళు మనలో ఎవరున్నారు? బొటనవేలు నోటి దగ్గర పెడితే మంచినీళ్ళని ఏ ఊళ్ళోనైనా తెలుస్తుంది. చంటిపిల్ల మాటల కంటే ముందు టాటా చెబుతుంది, దణ్ణం పెడుతుంది, చందమామకేసి వేలు చూపిస్తుంది. మామూలు పిల్లలకి ఇదంతా ముద్దుగా నేర్పుతాం. ఎవరికైతే ఇది నిజంగా అక్కరకొస్తుందో వాడి దగ్గరికి వచ్చేసరికి చేతులు కట్టుకుంటాం.

మేం చేసేది చిన్న పని. తెలుగు వాక్యం పూర్తిగా నోటితోనే చెబుతాం, అందులో ముఖ్యమైన ఒక్క మాటకి మాత్రం సైగ కలుపుతాం. ఇంగ్లండులో 1970లలో మార్గరెట్ వాకర్ అనే స్పీచ్ థెరపిస్టు, మరో ఇద్దరితో కలిసి ఈ పద్ధతిని మకటాన్ పేరుతో స్థిరపరిచారు. ముగ్గురి పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే ఆ పేరు. బధిరుల భాష వేరు, దానికి తన వ్యాకరణం తనకుంది. మేం ఆ భాష నుంచి ఒక్కొక్క మాటని అప్పు తెచ్చుకుంటున్నాం, అంతే.

దీనికి ప్రత్యేకంగా క్లాసు ఉండదు. మా ఆవిడ దోసె వేసి, సగం ముక్క పెట్టి ఆగుతుంది. "ఇంకా కావాలా?" అని "ఇంకా"కి సైగ చేసి మనసులో పదంకెలు లెక్కపెట్టుకుంటుంది. వాడి బుర్రలో ఆ మాట తిరగడానికి అంత టైము కావాలి. మనం రెండు సెకన్లకే మళ్ళీ అడిగి గందరగోళం చేస్తాం. వాడు చెయ్యి కదిపితే ముక్క పెడుతుంది. కదపకపోయినా పెడుతుంది. ఇది చాలామంది తప్పు చేసేచోటు, మేమూ చేశాం. తిండిని తాకట్టు పెట్టి సైగ రాబట్టకూడదు. వందసార్లు మనం చేసి చూపించాక నూటొకటోసారి వాడు చేస్తాడు. స్నానంలో చెంబు, చొక్కా గుండీ, ఉయ్యాల, గాజువాక బస్సు, అన్నీ ఇలాగే. వాడు మన ముఖం చూడడు కాబట్టి, వాడు దేన్ని చూస్తున్నాడో ఆ వస్తువు పక్కకి మన చేతిని తీసుకెళ్ళాలి.

అన్నిటికంటే బాగా నేర్పింది సముద్రం. అప్పికొండ తీరంలో మోకాళ్ళ లోతులో నిలబెడతాను. కెరటం వచ్చి వెళ్ళిపోతుంది. "అయిపోయింది" అని చేతులు విప్పుతాను. ఇంకోటి లేస్తుంది. "మళ్ళీ!" ఎంత డబ్బిచ్చినా ఏ థెరపిస్టూ గంటలో ఇన్నిసార్లు విసుగు లేకుండా చెయ్యలేడు. "మళ్ళీ" సైగ వాడు మొదట చేసింది అక్కడే, నాకు కాదు, సముద్రానికి.

అందరికీ ఇదే మందని నేననను. కొందరు పిల్లలకి వేళ్ళు వాళ్ళ మాట వినవు, వాళ్ళకి బొమ్మల కార్డులు నయం. కొందరికి కంప్యూటర్ ట్యాబ్ మాట్లాడిపెట్టాలి. మావాడికి ఏడేళ్ళు వచ్చాయి, నోటితో పది పన్నెండు మాటలు, చేతులతో ముప్పై దాకా.

ఇక మీతో పని. మావాడు వెళ్ళిన ఒకచోట "నీళ్ళు"కి ఒక సైగ నేర్పారు, ఇంకోచోట ఇంకోటి, మా ఇంట్లో మూడోది. వాడు మూడూ కలిపి నాలుగోది తయారుచేశాడు. అది మాకు తప్ప ఎవరికీ తెలియదు. మా క్రేన్ కింద ఇలా జరిగితే మనుషులు చచ్చిపోతారు సార్. పిల్లవాడి విషయంలో ఎవరూ చావరు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ఆటిజం అందులో పేరుపెట్టి ఉంది. 17వ సెక్షన్‌లో ఒక ఉపవాక్యం చూడండి. మాటకి సాయంగా సంజ్ఞా భాషనీ, ఇతర ప్రత్యామ్నాయ పద్ధతులనీ వాడేలా ప్రోత్సహించడం ప్రభుత్వాల బాధ్యత అని ఉంది. 2023 నవంబరులో కేంద్రం దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ తెచ్చింది. అందులో లోపాన్ని తొందరగా కనిపెట్టడం ఉంది, అంగన్‌వాడీలో కలుపుకోవడం ఉంది, డాక్టరు దగ్గరికి పంపడం ఉంది. హైదరాబాద్ సహా ఐదుచోట్ల పిల్లల్ని పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆటిజం దాదాపు నూటికి ఒకరికి ఉంది. అంటే ఏ అంగన్‌వాడీ టీచరుకైనా తన సర్వీసులో ఇలాంటి పిల్లలు ఎదురవుతారు. ఎదురైన రోజున ఆమె చేతికి ఏమిస్తున్నాం? ఫారం ఇస్తున్నాం.

నేనడిగేది ఒక పోస్టరు. ఇరవై సైగలు, కింద తెలుగులో పెద్ద అక్షరాలు. జిల్లా అంతటా ఒకటే పోస్టరు. అంగన్‌వాడీ గోడ మీద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రంలో, ఒకటో తరగతి గదిలో, టీకాలు వేసే గదిలో. 2022లో జిల్లాల విభజన తర్వాత మీ జిల్లాకి మిగిలినవి 11 మండలాలే, ఇదేమంత పెద్ద పని కాదు. సైగలు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికే 10,000 పదాల వీడియో నిఘంటువు తయారుచేసింది. అందులోంచే ఏరండి. అప్పుడు మావాడు రేపు బస్టాండులో ఒక బధిరుడికి నీళ్ళు కావాలని చెప్పినా అర్థమవుతుంది. మన పిల్లల చేతికి ఏవి తేలికో సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సంస్థవాళ్ళని అడగండి. నేర్పేవాళ్ళకోసం దూరం వెళ్ళకండి, ఈ నగరంలో బధిరులున్నారు. వాళ్ళని పిలిచి టీచర్లకి ఒక పూట శిక్షణ ఇప్పించండి. సన్మానం చేసి శాలువా కప్పి పంపకండి, కూలి కట్టి ఇవ్వండి.

ఆ ఇరవైలో ఏవి ఉండాలో మా ఆవిడ ఒక కాగితం మీద రాసింది, దీనితో జత చేస్తున్నాను. నేను చూసిన జాబితాలన్నీ రంగులతో, జంతువులతో మొదలవుతాయి, మాది "వద్దు"తో మొదలవుతుంది. వాడికి జుట్టు కత్తిరించేటప్పుడు, సూది వేసేటప్పుడు, వరసలో తోసేటప్పుడు "వద్దు" అన్నది వాడి ఆపు సైగ. ప్రతిసారీ మనం ఆపలేకపోవచ్చు, సూది వెయ్యక తప్పదు. కానీ చూశామని చెప్పి, ఒక్క క్షణం చెయ్యి ఆపి, అప్పుడు వెయ్యాలి.

రెండోది "నొప్పి". వాడికి ఐదేళ్ళప్పుడు ఒక రాత్రంతా తల గోడకేసి బాదుకున్నాడు. మొండితనం అనుకుని దిండు అడ్డం పెట్టి కూర్చున్నాం. మూడోరోజు చెవిలోంచి చీము కారింది. నొప్పి ఎక్కడుందో అక్కడికి చెయ్యి తీసుకెళ్ళి చూపడం వాడికి నేర్పడానికి మాకు ఆ తర్వాత నాలుగు నెలలు పట్టింది. మొన్న మంగళవారం నేను రాత్రి షిఫ్టు దిగి వచ్చేసరికి గుమ్మంలోనే ఉన్నాడు. నా చెయ్యి పట్టుకోలేదు, లాగలేదు. తన దవడ మీద చెయ్యి పెట్టి "నొప్పి" చేసి చూపించాడు. పాల పన్ను కదులుతోంది.

ఇట్లు,
కూర్మన్నపాలెం నుంచి
ఒక క్రేన్ ఆపరేటర్