మాత్ర మానవద్దు, బరువు మరువవద్దు

ఒలాంజపైన్ అనే మాత్ర మన సంఘ కుటుంబాలలో కొందరి ఇళ్లలో ఉంది. కాని ఆ సంగతి ఎవరూ పైకి చెప్పరు. బి.పి. మాత్ర గురించి గుమ్మంలో నిలబడి మాట్లాడుకునే మనం, మనసు జబ్బు మాత్ర అనేసరికి గొంతు తగ్గిస్తాం. ఈ దాపరికం వల్ల రెండు నష్టాలు జరుగుతున్నాయి. కొందరు మాత్రను మధ్యలో ఆపేస్తున్నారు. మరికొందరు ఏ పరీక్షా లేకుండా ఏళ్ల తరబడి మింగుతున్నారు. ఈ రెండు నష్టాలకూ మందు ఒక్కటే అని నా అభిప్రాయం: రోగి చెప్పే మాట వినడం, బరువు చూడడం.

ముందుగా ఈ మందు చేసే మేలు చూద్దాం. స్కిజోఫ్రీనియా వచ్చినవారికి ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తాయి. అయినవాళ్లే అన్నంలో ఏదో కలుపుతున్నారని అనుమానం కలగవచ్చు. బైపోలార్ జబ్బులో ఉద్రేకం పెరిగి రాత్రిళ్లు నిద్ర ఉండదు. ఒలాంజపైన్ మెదడులో డోపమైన్, సెరటోనిన్ అనే రసాయనాల సంకేతాలను అడ్డుకుని ఈ బాధను తగ్గిస్తుంది. నిద్ర కొద్ది రోజుల్లోనే కుదుటపడవచ్చు. మాటలు, అనుమానాలు తగ్గడానికి వారాలు పడుతుంది.

ఇలాంటి వైద్యం అందని చోట ఏం జరుగుతుందో మన పక్క రాష్ట్రంలోనే చూశాం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఒక వసతి గృహం కాలిపోయి 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టివేయడం వల్ల వారు తప్పించుకోలేకపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టరాదని చెబుతోంది.

ఇక కీడు సంగతి. ఈ మాత్ర ఆకలిని బాగా పెంచుతుంది. కంచం ఖాళీ చేసి లేచిన గంటకే మళ్లీ అన్నం అడుగుతారు. బరువు, షుగరు, కొలెస్టరాల్ పెరగవచ్చు. 2003లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఒలాంజపైన్‌తో పాటు ఆ తరగతి మందులన్నిటిపైనా షుగరు జబ్బు హెచ్చరిక ముద్రించాలని కోరింది. కాబట్టి "ఈ మాత్ర వల్ల లావైపోతున్నాను" అని మీ అబ్బాయో, మీ కోడలో అంటే అది మందు ఎగ్గొట్టడానికి చెప్పే సాకు కాదు. అది నిజం. "తిండి తగ్గించుకోలేవా?" అని గద్దిస్తే వారు తిండి మానరు, మాత్రే మానేస్తారు. తీరా ఆపాక వెంటనే ఏమీ కాకపోవచ్చు. వారాలకో నెలలకో జబ్బు తిరగబెడుతుంది. అప్పటికి, మాత్ర ఆపిన సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

అందుకే మొదటి మాత్ర వేసే ముందే బరువు, నడుము కొలత, పరగడుపు షుగరు, కొలెస్టరాల్ చూపించి రాసి పెట్టుకోండి. తరువాత 4, 8, 12 వారాలకు బరువు చూడాలి. 12 వారాలకు రక్త పరీక్ష మళ్లీ చేయించాలి. ఆపైన మూడు నెలలకొకసారి బరువు, కనీసం ఏడాదికొకసారి షుగరు. మన దేశంలో మగవారి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవారి నడుము 80 సెంటీమీటర్లు చేరితే జాగ్రత్త పడాలి. బరువు పెరుగుతుంటే డాక్టరు మోతాదు మార్చవచ్చు, వేరే మందుకు మార్చవచ్చు, మరో మాత్ర జోడించవచ్చు. బరువు చూడకుండా పాత చీటీయే తిరగరాస్తుంటే "ఒకసారి తూకం వేయండి డాక్టరుగారూ" అని అడగండి. అడగడం మర్యాద తప్పడం కాదు.

మన విశాఖలో ఉండేవారు మరికొన్ని సంగతులు డాక్టరుకు చెప్పాలి. ఈ మాత్ర మత్తు కలిగిస్తుంది. స్టీల్ ప్లాంటులో, పోర్టులో షిఫ్టులు చేసేవారు, క్రేను, లారీ నడిపేవారు తమ డ్యూటీ వేళలు చెప్పి మాత్ర ఏ వేళ వేసుకోవాలో రాయించుకోవాలి. ఈ మందు వేసుకునేవారి ఒళ్లు ఎండ వేడికి త్వరగా తట్టుకోలేదు. ఫర్నేసు దగ్గర, మే నెల ఉక్కపోతలో పనిచేసేవారు నీళ్లు తాగుతూ, నీడన ఆగుతూ ఉండాలి.

పొగ సంగతి చాలామందికి తెలియదు. చుట్ట, బీడీ, సిగరెట్ పొగ ఈ మందును ఒంట్లో త్వరగా కరిగించేస్తుంది. పొగ మానేస్తే అదే మోతాదు ఎక్కువగా పనిచేసి మత్తు పెరగవచ్చు. పొగ మానడం మంచిదే, కాని ఆ మాట డాక్టరుకు చెప్పి మానండి.

ఈ మందును ఇప్పుడు ఎన్నో కంపెనీలు వేర్వేరు పేర్లతో అమ్ముతున్నాయి. రెండు అట్టలమీద పేర్లు వేరైనా లోపల మందు ఒక్కటే కావచ్చు. అట్ట వెనక ఉన్న మందు పేరు చదవండి. మతిమరుపు వచ్చిన పెద్దవారిని నిద్రపుచ్చడానికి ఇంట్లో ఉన్న మాత్ర వేయవద్దు. అలాంటి వృద్ధులలో ఈ తరగతి మందులు మరణ ప్రమాదాన్ని పెంచుతాయని 2005లోనే హెచ్చరిక వచ్చింది. గర్భం వచ్చిందని తెలిసిన స్త్రీ భయపడి తనంతట తాను ఆపకూడదు, వెంటనే డాక్టరును కలవాలి. తీవ్ర జ్వరంతో ఒళ్లు కర్రలా బిగుసుకుని మాట తడబడితే, లేక విపరీతమైన దాహంతో వాంతులు అవుతుంటే ఆసుపత్రికి పరుగెత్తండి.

"ప్రార్థన చేయించాం కదా, ఇంక మాత్ర ఎందుకు?" అనే మాట కూడా వింటుంటాం. ఇన్సులిన్ వేసుకునేవారి కోసం ప్రార్థన చేస్తాం, ఇన్సులిన్ ఆపమని చెప్పం. ఈ మాత్రకూ అదే న్యాయం.

చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు చెప్పి నవ్వుకోవడం మానేద్దాం. అక్కడికి వెళ్లేది మనలాంటివారే. సలహా కావలసినవారు ఏ వేళనైనా 14416 టెలి మానస్‌కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈసారి డాక్టరు దగ్గరకు వచ్చేటప్పుడు మాత్రల అట్టతో పాటు బరువు రాసిన కాగితం కూడా తెచ్చుకోండి.