నక్షాలో మనం ఎక్కడున్నాం?

మొన్న జుమా నమాజ్ అయ్యాక దూలపల్లిలో మస్జిద్ మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే ఒక చాచా నా భుజం పట్టుకున్నాడు. "బేటా, నువ్వు అఖ్బార్ల పని చేస్తవు గద. 2050 ప్లాన్ అంటున్నరు. అండ్ల మన ఖబ్రస్తాన్ ఉంటదా, పోతదా?"

నేనింకా ఆ నక్షా చూడలేదు చాచా అన్నాను. "చూసినంక మాకెవరు చెప్తరు?" అన్నాడు. ఆ సవాల్ ఇంటిదాకా నా వెంటే వచ్చింది.

ఇప్పుడు మన నెత్తి మీదున్నది హెచ్‌ఎండీఏ 2031 మాస్టర్ ప్లాన్. 2013 జనవరిలో ఖరారైంది. ఏ సర్వే నంబర్ ఇళ్ళకు, ఏది ఫ్యాక్టరీలకు, ఏది తాలాబ్, ఏది అడవి, రోడ్డు ఎన్ని అడుగులు అన్నది రంగులేసి చెప్పే కాగితం అది. ఆ రంగును బట్టే పర్మిషన్, జమీన్ ధర. 2025 మార్చిలో హెచ్‌ఎండీఏ హద్దును 7 వేల చిల్లర చదరపు కిలోమీటర్ల నుంచి 10 వేలు దాటించారు. ఆ మొత్తానికీ ఇప్పుడు 2050 దాకా కొత్త ప్లాన్. ఈ రోజు మదర్సాలో అలిఫ్ బే నేర్చుకుంటున్న పిల్ల తన పిల్లల్ని బడికి పంపే నాటికి సడక్ ఎక్కడుంటుందో ఇప్పుడే గీసేస్తారన్నమాట.

ఒక విషయం ఒప్పుకోవాలి. 2031 ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలు అడిగిన రోజుల్లో నేను డెస్క్‌లో ఉన్నాను. ఆ ఖబర్ నా చేతుల మీదుగానే పేజీలోకి పోయింది. హెడ్డింగ్ కూడా నేనే పెట్టాను. కానీ మా మామూజాన్ ఊరికి ఫోన్ చేసి "మీ ఈద్‌గాహ్ నక్షాలో ఉందా, చూసుకోండి" అని ఒక్క మాట చెప్పలేదు. షామీర్‌పేట దాటినంక ఉంటుంది ఆ ఊరు, పేరు ఎందుకులే. ఏళ్ళ తర్వాత ఈద్‌గాహ్ గోడ పక్కన ప్లాట్ల రాళ్ళు పాతుతుంటే పెద్దమనుషులు పాత ఫోటోలు పట్టుకుని నా దగ్గరికొచ్చారు. అప్పుడు తీసి చూశాం. నక్షాలో ఆ చోటుకు ప్రత్యేకంగా ఏ గుర్తూ లేదు. ఊరి నుంచి ఎవరూ ఒక్క దర్ఖాస్తు కూడా ఇచ్చి ఉండలేదు. నేను ఉర్దూ మీడియం బడిలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, రెండు జబానుల్లో రాయగలవాణ్ణి. అదంతా ఆ రోజు ఎందుకు పనికొచ్చిందని?

సర్కారు తప్పు లేదని కాదు. బహుత్ ఉంది. దూలపల్లినే చూడండి. పంచాయతీగా ఉండేది. 2018లో కొంపల్లి మున్సిపాలిటీలో కలిపారు. 2025 డిసెంబర్‌లో ఆ మున్సిపాలిటీనే జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. ఏడేళ్ళలో మూడు దఫ్తర్లు మారితే ఎవరి దగ్గర ఏ ఫైలుందో మామూలు మనిషికి ఎట్లా తెలుస్తుంది? ఆ నెలలోనే 150 డివిజన్లను 300 చేస్తూ ముసాయిదా ఇచ్చి, అభ్యంతరాలకు వారం గడువు పెట్టారు. ఆ వారం మన మస్జిద్ బోర్డు మీద నమాజ్ టైములు, ఒక నికా ఎలాన్ తప్ప ఇంకేం లేవు. 2017 నుంచి ఉర్దూ తెలంగాణ అంతటికీ రెండో అధికార భాష. అయినా నక్షాల మీది అక్షరాలు అంగ్రేజీలోనే ఉంటాయి. వాటిని తెలుగులో, ఉర్దూలో అడగడం మెహర్బానీ కోసం కాదు, మన హక్.

అడిగితే ఏమైనా అవుతుందా అంటారా? కామారెడ్డిని గుర్తు చేసుకోండి. తమ పొలాలు ముసాయిదాలో ఇండస్ట్రియల్ జోన్‌లోకి పోయాయని తెలిసి ఊళ్ళకు ఊళ్ళు రోడ్డెక్కాయి. 2023 జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానం చేసింది. కానీ అంతకు ముందే ఒక రైతు జాన్ పోయింది. ముసాయిదా గీయకముందే ఆ ఊళ్ళలో కూర్చుని మష్వరా చేసి ఉంటే అక్కడిదాకా వచ్చేదా? మష్వరా మనకు కొత్త మాట కాదు. ఖురాన్‌లో ఒక సూరా పేరే షూరా. పెళ్ళి సంబంధానికి నలుగురిని కూర్చోబెట్టే మనం మొహల్లా నక్షా దగ్గరికొచ్చేసరికి ఖామోష్.

ఇంకో మాట, కొందరికి నచ్చకపోవచ్చు. దర్ఖాస్తు రాయమంటే మనోళ్ళు మస్జిద్, ఖబ్రస్తాన్, ఈద్‌గాహ్ దగ్గరే ఆగిపోతారు. అవి ముందు రాయాల్సిందే, అందులో షక్ లేదు. 2025 వక్ఫ్ సవరణ తర్వాత ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నాం అన్న ఒక్క మాట మీద కొత్తగా వక్ఫ్ అనిపించుకోవడం కుదరదు. కాబట్టి గెజెట్, ముంతఖబ్, పహాణీ ఏది దొరికితే అది జత చేయాలి. కానీ మోరీ సంగతి ఎవరు రాస్తారు? 2020 అక్టోబర్‌లో ఫాక్స్ సాగర్ పొంగి ఉమామహేశ్వర కాలనీ రోజుల తరబడి నీళ్ళలో ఉంది. అది మన పక్కనే. తాలాబ్ హద్దు ఎక్కడ, అలుగు నీళ్ళు ఏ నాలాలో పోవాలి అన్నది కూడా ఆ నక్షాలోనే తేలాలి. ఆడపిల్లల కాలేజీ ఎక్కడ, జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో పనిచేసే కిరాయి ఇళ్ళ వాళ్ళకు దవాఖానా ఎక్కడ అన్నదీ అంతే. మస్జిద్ మీటింగ్‌లో కూర్చునేది మగాళ్ళం. నల్లా ఎన్ని గంటలకొస్తుందో, స్కూల్ ఆటో ఏ మూల మీద ఆగుతుందో మాకేం ఎరుక? మా అమ్మీని, మా ఆపాలను అడిగితే పది నిమిషాల్లో పది సమస్యలు చెప్తారు. ఖవాతీన్ లేకుండా రాసిన దర్ఖాస్తు సగం దర్ఖాస్తే.

చాచాకు ఫోన్ చేశాను. ఆదివారం అసర్ తర్వాత కూర్చుందాం, ముందు 2031 నక్షాలో మన మొహల్లా ఏ రంగులో ఉందో చూద్దాం అన్నాను. మన దూలపల్లి ముక్క వరకు పెద్దగా ప్రింట్ తీయించి తెస్తానని చెప్పాను. పాత పహాణీ కాగితాలు ట్రంకు పెట్టెలో ఉన్నాయట, వెతికి తెస్తానన్నాడు. ఫోన్ పెట్టేస్తుంటే వెనకాల నుంచి చాచీ గొంతు వినిపించింది: "నన్ను గూడ పిలువుమను, ఆ మోరీ సంగతి నేను జెప్త."