మిగిలినవాళ్ళ పేరు

గత నెలలో ఒక పాత మిత్రుడితో ఫోనులో గంటకు పైగా పోట్లాడాను. ముప్ఫై ఏళ్ళు దాటిన స్నేహం. ఇంతకాలంలో రాజకీయాల గురించి గానీ, డబ్బు గురించి గానీ మా మధ్య మాటా మాటా పెరిగింది లేదు. పోట్లాట వచ్చిందల్లా ఒక పేరు గురించి. ఫోనులో చెప్పవలసినవి సగం చెప్పలేకపోయాను. కోపంలో నాకు వాదన సరిగా నడవదు. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. అతడు చదువుతాడని తెలుసు.

పూర్వరంగం కొంత చెప్పాలి. 1991లో విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో మేం నలుగురం కలిసి ఒక చిన్న ఆర్కెస్ట్రా పెట్టుకున్నాం. అతడు గాయకుడు. ఒకడు కీబోర్డు, ఒకడు తబలా, నేను గిటారు. (నా గిటారు గురించి మాట్లాడుకోకపోవడమే అందరికీ క్షేమం.) చవితి పందిళ్ళలో, పెళ్ళిళ్ళలో, కాలేజీ వార్షికోత్సవాల్లో సినిమా పాటలు పాడేవాళ్ళం. పేరు నేను పెట్టాను. ఆ పేరు ఇక్కడ రాయను, ఇప్పుడది నాది కాదు కనుక. 1995లో గాయకుడు ఉద్యోగరీత్యా అమెరికా వెళ్ళాడు. తబలా మిత్రుడు ఎక్కడినుంచో ఒక కుర్రవాణ్ణి వెతికి తెచ్చాడు. గొంతు బాగానే ఉంది. కానీ నేను ఒప్పుకోలేదు. "వాడు లేకుండా ఇది మన ఆర్కెస్ట్రా ఎలా అవుతుందిరా?" అన్నాను. పేరు రాసిన బ్యానరు గుడ్డ మడతపెట్టి ఇంటికి తెచ్చేసుకున్నాను. వాళ్ళు పేరు లేకుండానే రెండు చవితులు నెట్టుకొచ్చి ఆపేశారు. ఆ రోజు నేను చేసింది గొప్ప విశ్వాసపాత్రమైన పని అని చాలాకాలం నమ్మాను.

ఇప్పుడు ఆ తబలా మిత్రుడు ఉద్యోగం నుండి స్వచ్ఛందంగా తప్పుకుని, కూతురు పాడుతుండగా మళ్ళీ కచేరీలు మొదలుపెడదామనుకుంటున్నాడు. "పాత పేరే పెట్టుకోవచ్చా?" అని అడిగాడు. సరేనన్నాను. సంగతి తెలిసి గాయక మిత్రుడు అమెరికా నుండి ఫోను చేశాడు. "నేను లేను, నువ్వు లేవు. నలుగురిలో ఒక్కడు మిగిలితే అది అదే బృందమా? పేరు పెట్టుకున్నంత మాత్రాన సరిపోతుందా?" అన్నాడు. ముప్ఫై ఏళ్ళ క్రితం నేనన్న మాటే! అప్పుడు నా నోట న్యాయంగా తోచింది ఇప్పుడు అతడి నోట అన్యాయంగా తోచడం నాకే వింతగా ఉంది.

ఇటువంటి చర్చ రాగానే మనలో చదువుకున్నవాళ్ళకు మిళిందుడికి నాగసేనుడు చెప్పిన రథం గుర్తొస్తుంది. చక్రం రథమా, ఇరుసు రథమా, కాడి రథమా అన్న ఆ ప్రశ్న ఎంతో లోతైనది. కానీ ఇక్కడ అది పనికిరాదు. రథచక్రం అలిగి వెళ్ళిపోదు. ఇరుసు కాడిని పెళ్ళి చేసుకుని విడాకులివ్వదు. ఊడిపోయిన మేకు పదేళ్ళ తరువాత ఫోను చేసి "నేను లేని రథం రథమా?" అని అడగదు. సంగీతబృందంలోని భాగాలకు నోళ్ళుంటాయి, అభిమానాలుంటాయి, బాకీలుంటాయి. కనుక తత్త్వశాస్త్రాన్ని పక్కనబెట్టి చరిత్రలోకి వెళదాం. అదీ నా మిత్రుడికి ఎంతో ఇష్టమైన చరిత్రలోకే.

హాస్టలు గదిలో నాకు మొదటిసారి 'రూమర్స్' క్యాసెట్టు వినిపించినవాడు అతడే. ఫ్లీట్‌వుడ్ మాక్ అనే బృందం 1977లో విడుదల చేసిన ఆల్బమ్ అది. స్టీవీ నిక్స్ గొంతు మీద, లిండ్సే బకింగ్‌హామ్ గిటారు మీద ఆ రోజుల్లో అతడిచ్చిన ఉపన్యాసాలు నాకింకా గుర్తే. బృందమంటే ఇదీ అనేవాడు. అతడికీ నాకూ అప్పట్లో తెలియని విషయమేమిటంటే, ఆ బృందాన్ని స్థాపించినవాడు ఆ ఆల్బమ్‌కు ఏడేళ్ళ ముందే వెళ్ళిపోయాడు.

ఆ స్థాపకుడి పేరు పీటర్ గ్రీన్. లండన్‌లో జాన్ మేయల్ బృందంలో వాయిస్తూ, 1967లో బయటికి వచ్చి సొంత బృందం పెట్టుకున్నాడు. పాట అతడిది, గిటారు అతడిది, పేరుప్రతిష్ఠలూ అతడివే. మరొకడైతే తన పేరే పెట్టుకునేవాడు. గ్రీన్ మాత్రం డ్రమ్ములు వాయించే మిక్ ఫ్లీట్‌వుడ్ పేరూ, బాస్ గిటారు వాయించే జాన్ మెక్‌వీ పేరులోని మొదటి ముక్కా కలిపి పేరు కట్టాడు. తమాషా ఏమిటంటే మెక్‌వీ అప్పటికి బృందంలో చేరనే లేదు. మేయల్ దగ్గర నెలజీతం వదులుకోలేక ఊగిసలాడుతున్నాడు. తొలి కచేరీలో బాస్ వాయించింది మరొకతను. రాని మనిషి పేరు ముందే ఎక్కించి, ఖాళీ పీట వేసి ఉంచాడన్నమాట. తానెప్పుడైనా తప్పుకుంటే మిక్‌కీ, జాన్‌కీ ఒక బృందం మిగలాలని గ్రీన్ అనుకున్నాడని ఫ్లీట్‌వుడ్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. రికార్డు కంపెనీ వాళ్ళు తొలి ఆల్బమ్ మీద గ్రీన్ పేరు కూడా తగిలించారనుకోండి, అది వ్యాపారం.

గ్రీన్ అన్నట్టే తప్పుకున్నాడు, 1970లో. మనసు చెదిరింది, సంపాదించిన డబ్బంతా దానం చేసేయాలన్న పట్టుదల పట్టుకుంది. మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్‌లో రెండవ గిటారిస్టు జెరెమీ స్పెన్సర్ పుస్తకాల దుకాణానికని బయలుదేరి తిరిగి రాలేదు. ఒక మతబృందంలో కలిసిపోయాడు. మూడవ గిటారిస్టు డానీ కిర్వన్ 1972లో కచేరీకి ముందు గిటారు పగులగొట్టి వేదిక ఎక్కనన్నాడు. అతణ్ణి తీసేశారు. ముగ్గురు గిటారిస్టులూ పోయారు. నా మిత్రుడి లెక్క ప్రకారం ఆ బృందం అక్కడితో చచ్చిపోవాలి. చచ్చిపోతే 'రూమర్స్' లేదు. హాస్టలు గదిలో అతడి ఉపన్యాసాలూ లేవు.

నా వాదనకంతటికీ ఆయువుపట్టు 1974లో జరిగిన సంఘటన. బృందంలో గొడవల వల్ల అమెరికా పర్యటన మధ్యలో ఆగిపోయింది. పేరు తనదేనని వాదిస్తూ మేనేజరు మరికొందరు వాయిద్యకారులను పోగుచేసి, ఫ్లీట్‌వుడ్ మాక్ పేరుతోనే అమెరికా మీదికి వదిలాడు. పేరు అదే, టిక్కెట్ల మీద అక్షరాలూ అవే. ఉన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఫ్లీట్‌వుడ్ తరువాత వచ్చి కలుస్తాడని తమకు చెప్పారని ఆ వాయిద్యకారులు అన్నారు. ఫ్లీట్‌వుడ్ కాదన్నాడు. ప్రేక్షకులు తిరగబడ్డారు, వ్యవహారం కోర్టుకెక్కింది. అసలు బృందం నెలల తరబడి పని లేకుండా కూర్చుంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమని నా మిత్రుణ్ణి అడుగుతున్నాను. 1974లో తిరిగిన దొంగ బృందమూ కొత్త మనుషులదే, 1975లో బకింగ్‌హామ్, నిక్స్ చేరిన అసలు బృందమూ సగానికి సగం కొత్త మనుషులదే. ఒకటి మోసమనీ, ఒకటి కాదనీ మనకు ఎందుకు అనిపిస్తుంది? గ్రీన్ లేకపోవడం రెండింటిలోనూ సమానమే. తేడా ఒక్కటే. రెండవదానిలో, వెళ్ళిపోయినవాణ్ణి సాగనంపినవాళ్ళే కొత్తగా వచ్చినవాడికి తలుపు తీశారు. ఆ తలుపు దగ్గర ఎవరో ఒకరు ఎప్పుడూ నిలబడే ఉన్నారు. అలా నిలబడ్డవాళ్ళు ఉన్నంతవరకూ బృందం అదే బృందం. ధ్వని మారలేదని నేననను. 'ఆల్బట్రాస్' అని మాటల్లేని వాయిద్యం ఒకటుంది, 1968 నాటిది. అది విని, వెంటనే 'రూమర్స్' వింటే ఒకే బృందమని ఏ చెవీ ఒప్పుకోదు. మా తాతగారి గొంతూ నా గొంతూ కూడా ఒకటి కాదు. ఇంటిపేరు మాత్రం ఒకటే.

ఇక ఈ 'ముఖ్య సభ్యుడు' అన్న మాట సంగతి. ఎవరు ముఖ్యుడో ఎవరు తేల్చాలి? గ్రీన్‌కూ బకింగ్‌హామ్‌కూ నడుమ, 1971 నుంచి 1974 దాకా బాబ్ వెల్ష్ అని ఒకాయన ఆ బృందానికి గిటారు వాయించాడు, పాటలు రాశాడు, పాడాడు. ఐదు ఆల్బమ్‌లు. ఎవరూ పట్టించుకోని కాలం అది. మకాం లాస్ ఏంజెలెస్‌కు మార్చమని పోరినవాడు ఆయనే. మార్చారు కనుకనే ఫ్లీట్‌వుడ్ అక్కడి ఒక స్టూడియో చూడబోయి, బకింగ్‌హామ్ గిటారు విన్నాడు. (నిక్స్‌ను కూడా తీసుకుంటేనే వస్తానని బకింగ్‌హామ్ షరతు పెట్టాడు. లేకపోతే నా మిత్రుడు ఆరాధించిన గొంతు ఆ బృందంలోకి వచ్చేదే కాదు.) 1998లో ఆ బృందాన్ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నప్పుడు ఎనిమిది మందిని పిలిచారు. గ్రీన్ ఉన్నాడు, పుస్తకాల దుకాణానికి వెళ్ళిపోయిన స్పెన్సర్ ఉన్నాడు. వెల్ష్ లేడు. అప్పటికి కొన్నేళ్ళ ముందు రాయల్టీల గురించి ఆయన బృందం మీద దావా వేసి ఉన్నాడు, ఆ మాట కూడా చెప్పాలి. 2012లో ఆయన పోయాడు. ముఖ్యులెవరో లెక్కగట్టే పద్ధతి ఎటువంటిదో తెలియడానికి ఆ జాబితా ఒక్కటి చాలు. మా ఆర్కెస్ట్రాలో కచేరీలు కుదిర్చింది, మైకుసెట్టు వాళ్ళతో బేరమాడింది, అర్ధరాత్రి రిక్షాలో సామాను చేరవేసింది తబలా మిత్రుడు. చప్పట్లు మాత్రం గాయకుడికి. 1995లో నేను ఆ చప్పట్లనే లెక్కపెట్టాను.

"మరి చెత్త ఆల్బమ్ సంగతేమిటి?" అని అతడు తప్పక అడుగుతాడు. అడగదగిన ప్రశ్నే. 1995లో, బకింగ్‌హామ్, నిక్స్ ఇద్దరూ లేకుండా 'టైమ్' అని ఒక ఆల్బమ్ వచ్చింది. అమెరికాలో మొదటి రెండు వందల ఆల్బమ్‌ల పట్టికలోకి కూడా ఎక్కలేదు. నేను విన్నాను, ఎక్కకపోవడం న్యాయమే. కానీ అది ఫ్లీట్‌వుడ్ మాక్ చేసిన చెత్త ఆల్బమ్. 'అదే' అనడానికీ 'అంత బాగుంది' అనడానికీ మధ్య తేడాను అభిమానులు చెరిపేస్తారు. నచ్చనప్పుడల్లా "ఇది ఆ బృందమే కాదు" అనడం, పరీక్ష తప్పిన కొడుకుని చూసి వీడు నా కొడుకే కాదనడం వంటిది.

మన దగ్గర ఈ విషయంలో పెద్దమనసు ఎప్పటినుంచో ఉంది. తిరుపతి వేంకట కవులలో దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు 1920లో కన్నుమూశారు. చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి గారు మరో ముప్ఫై ఏళ్ళు జీవించారు. ఆ తరువాత కూడా ఆయన జంటపేరుతోనే రచనలు వెలువరించారు. దాన్ని మనం పేరు దొంగతనమనలేదు, స్నేహధర్మమన్నాం. జంటలో ఒకరు పోతే మిగిలినవారికి ఉన్న హక్కు, నలుగురిలో ముగ్గురు తప్పుకుంటే మిగిలిన తబలా వాయించేవాడికి ఎందుకు లేదు? సురభి వారి సంగతి చూడండి. 1885లో కడప జిల్లాలోని ఆ ఊళ్ళో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన నాటకసమాజం తరాలు దాటి వచ్చింది. తొలినాటి నటులెవరూ లేరు కనుక ఇది సురభి కాదని టిక్కెట్టు కొన్నవాడెవడూ అనగా నేను వినలేదు. పెళ్ళి బ్యాండుమేళంలో క్లారినెట్ వాయించేవాడు పోయినేడాది వాడేనా అని మనం ఎన్నడైనా అడిగామా?

"చనిపోయినవాళ్ళ మాట వేరు, నేను బతికే ఉన్నాను కదా" అన్నాడు మిత్రుడు. ఈ మాట దగ్గరే ఫోనులో నాకు కోపమొచ్చింది. వెళ్ళిపోవడం అతడి హక్కు. ఉద్యోగం, సంసారం, ఎవరు కాదంటారు? కానీ వెళుతూ వెళుతూ తలుపు బయటినుంచి గడియ పెట్టే హక్కు ఎక్కడిది? పీటర్ గ్రీన్ వెళ్ళాక కూడా తలుపు తీసే ఉంచాడు. స్పెన్సర్ మాయమై పర్యటన మధ్యలో ఆగిపోబోతే, పిలిస్తే వచ్చి అది పూర్తి చేసి వెళ్ళాడు. తన స్థానంలో ఎవరెవరు వాయించినా పేరు వెనక్కి ఇమ్మని అడగలేదు. అసలు తన పేరు అందులో పెట్టుకుంటే కదా.

నా వాదనకు అడ్డొచ్చే ఒక సంగతి కూడా దాచకుండా చెబుతాను. ఇందరు పోయినా ఆగని ఆ బృందం 2022 నవంబరులో క్రిస్టీన్ మెక్‌వీ మరణంతో ఆగింది. 2018లో బకింగ్‌హామ్‌నే తీసేసి, వేరే ఇద్దరిని పెట్టుకుని పర్యటన చేసినవాళ్ళు, ఆమె పోయాక ఇక కొనసాగడంలో అర్థం లేదన్నారు. అయితే అది వాళ్ళ మాట. ఐదు దశాబ్దాలు కలిసి బతికిన మనిషి పోయాక లోపలున్నవాళ్ళు తీసుకున్న నిర్ణయం. దూరాన క్యాసెట్టు విన్న మనమో, ఎప్పుడో వెళ్ళిపోయినవాళ్ళో చెప్పింది కాదు. మా తబలా మిత్రుడు కూడా రేపు ఎప్పుడో ఇక చాలు అనవచ్చు. అనవలసింది అతడే.

బ్యానరు అటక మీది ట్రంకుపెట్టెలో దొరికింది. ఒక అంచు ఎలుకలు కొట్టాయి, అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. కొరియరులో పంపుదామనుకున్నాను గానీ, వచ్చే చవితికి నేనే పట్టుకెళ్ళి ఇస్తాను. గిటారు తేవద్దని తబలా మిత్రుడు ముందే చెప్పాడు.